మీ వీధిలో వరద గీత గీయడం ఎలా

విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు వీధుల్లో ఇప్పుడు నడిచి చూడండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి అక్కడ నీళ్ళు ఎంత ఎత్తున నిలబడ్డాయో తెలియాలంటే ఎవరినైనా ఆపి అడగాల్సిందే. ఫైరింజన్లు తెచ్చి బురద కడిగారు, పండక్కి జనం గోడలకి మళ్ళీ రంగులు వేసుకున్నారు. మంచిదే, బురద మరకల మధ్య ఎన్నాళ్ళని ఉంటారు. కానీ ఆ మట్టం రేపు ఆ వీధిలో అద్దెకు దిగేవాళ్ళకి, అప్పటికి పుట్టని పిల్లలకి, డ్రైనేజీ లెవెల్ లెక్కవేసే ఇంజనీరుకి గోడ మీదే కనపడాలని నా పట్టుదల. వీధి మొత్తం కలిసి, ఎవరి గోడ మీద వాళ్ళు, ఎవరి చేత్తో వాళ్ళు, నీళ్ళు నిలిచిన ఎత్తున ఒకే గీత గీయడం. చెప్పడానికి ఇంతే. చేయడానికి నెలా నెలన్నర పడుతుంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇందులో బొమ్మ ఏముంది, కళ ఏముంది అని మిమ్మల్ని అడుగుతారు. ఈవ్ మోషర్ అనే కళాకారిణి 2007లో న్యూయార్క్‌లో, సముద్రమట్టానికి 10 అడుగుల ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ, ఆటస్థలాల్లో సుద్ద గీతలు గీసే బండి తోసుకుంటూ దాదాపు 70 మైళ్ళు గీత గీసుకుంటూ వెళ్ళింది. దారిలో "ఏంటమ్మా ఇది" అని ఆగి అడిగిన వాళ్ళందరితో మాట్లాడింది, అసలు పని ఆ మాటలే. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చి ఆ నగరంలో లోతట్టు వీధుల్ని ముంచేసింది. ఆమె గీసింది రాబోయే నీటి గీత, మనం గీసేది వచ్చిపోయిన నీటి గీత. మన దేశంలో చూస్తే నవజోత్ ఆల్తాఫ్ 1990ల చివరి నుంచి బస్తర్‌లో కొండగావ్ దగ్గర అక్కడి ఆదివాసీ కళాకారులతో కలిసి పనిచేస్తూ, చేతిపంపుల చుట్టూ నాల్పార్ అనే కట్టడాలు కట్టారు. నీళ్ళకొచ్చే ఆడవాళ్ళు బిందె దించుకోవడానికి, ఎత్తుకోవడానికి వీలుగా ఉండేలా. చూడటానికి శిల్పం, వాడటానికి పంపు దగ్గర అరుగు. నేను ఈ పని మొదలుపెట్టేటప్పుడు మనసులో పెట్టుకున్నది ఈ రెండోదాన్నే.

ముందు కుంచె ఇంట్లో పెట్టి రండి

మొదటి రెండు వారాలు రంగు మాటే ఎత్తొద్దు. ఒక్క వీధి ఎంచుకోండి, ఇరవై ముప్ఫై గడపలు చాలు, కాలనీ మొత్తం పెట్టుకుంటే ఏదీ పూర్తవదు. మీరు ఆ వీధి వాళ్ళు కాకపోతే అక్కడ అందరికీ తెలిసిన ఒక మనిషి వెంట ఉండాలి. అది కార్పొరేటరే అవ్వక్కర్లేదు, ఇస్త్రీ బండాయనైనా సరే, డ్వాక్రా గ్రూపు లీడరైనా సరే. నాకు ఒక కిరాణా కొట్టు పిన్నిగారు దొరికారు, ఆవిడ ఒక్క మాట చెబితే తలుపులు తెరుచుకున్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొదటిసారి నేను చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇంట్లో కూర్చుని పెద్ద డిజైన్ గీసుకుని వెళ్ళాను, బుడమేరు పెద్ద చేపలా నోరు తెరిచి ఇళ్ళని మింగుతున్నట్టు. గోడ ఇచ్చారు, టీ ఇచ్చారు, "బాగుంది బాబూ" అన్నారు. మూడు రోజులు నేనూ నా ఇద్దరు స్నేహితులూ రంగులేసుకుంటుంటే వీధిలో ఒక్కరు కూడా వచ్చి కుంచె పట్టలేదు. నెల తిరక్కుండా దాని మీద కోచింగ్ సెంటరు పోస్టర్లు అంటించేశారు, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎందుకు చెబుతారు, అది నా బొమ్మ, వాళ్ళది కాదు. పైగా ఒకాయన వెళ్ళేటప్పుడు మెల్లిగా అన్నారు, "రోజూ పొద్దున్నే తలుపు తీయగానే అది కనపడుతుంటే మా ఆవిడకి టెన్షన్‌గా ఉంటోందండీ" అని. మునిగినవాళ్ళకి మునగడం ఎలా ఉంటుందో మనం బొమ్మ గీసి చూపించక్కర్లేదు.

కాబట్టి తిరగండి, కూర్చోండి, వినండి. నష్టం ఎంత అని అడగొద్దు. ఆ రోజుల్లో ఎంతోమంది వచ్చి అడిగి రాసుకుపోయారు, ఆ ప్రశ్న వినగానే మొహాలు మారిపోతాయి. "నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయండీ" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి అందరి దగ్గరా జవాబుంటుంది, ఎవరి జవాబు వాళ్ళది, పక్కింటాయన మధ్యలో వచ్చి కాదు అటు నుంచి అంటాడు, అక్కడి నుంచి కథ మొదలవుతుంది.

ఏ నీళ్ళో తేల్చుకోండి

ఇది మీరు ముందే తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే వీధిలో సగం మంది "కృష్ణ పొంగింది" అనే అంటారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన మాట నిజమే. కానీ సింగ్ నగర్‌ని ముంచింది బుడమేరు. వెలగలేరు దగ్గర ఆ వాగు నీటిని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలువ ఉంది, దాని కట్టకి గండ్లు పడ్డాయి, నీళ్ళు పాత దారి పట్టి ఊళ్ళోకి వచ్చాయి. బుడమేరు పాత దారి బెజవాడ మీదుగా కొల్లేటికే కదా, వాగు తన దారిన తాను వచ్చింది, దారిలో మన ఇళ్ళున్నాయి. అటు కృష్ణ నిండుగా ఉండటంతో మళ్ళించిన నీటికీ పోయే చోటు లేకపోయింది. ఈ సంగతి తెలియకుండా గోడ మీద "కృష్ణమ్మ ఉగ్రరూపం" అని రాసేస్తే గీత కొలత సరిగ్గా ఉన్నా చెప్పేది అబద్ధం అవుతుంది.

పెద్దవాళ్ళుంటే 2005 సంగతి కూడా అడగండి. అప్పుడూ బుడమేరు పొంగింది. ఆ మట్టం గుర్తున్న ఇంట్లో రెండో గీత గీయొచ్చు, వేరే రంగులో. రెండు గీతలూ ఒకే గోడ మీద పైనా కిందా కనపడితే మీరు ఇంకేమీ రాయక్కర్లేదు.

గుర్తులు ఎక్కడ దొరుకుతాయి

రంగు వేసిన గోడ మీద దొరకవు. బీరువా వెనక చూడండి. మీటర్ బోర్డు పెట్టె లోపల, బాత్రూం తలుపు వెనక, మెట్ల కింద గూట్లో, షాపు షట్టరు లోపలి వైపు చూడండి. జనం కనపడే చోటే రంగు వేస్తారు. బీరువా జరపమని మాత్రం అడగొద్దు, ఫోను టార్చి వేసి పక్క నుంచి చూస్తే మట్టిరంగు గీత కనపడుతుంది, దాని కింద గోడ రంగు ఒకలా పైన ఒకలా ఉంటుంది.

రెండో ఆధారం ఫోను వీడియోలు. మేడ మీద నుంచి తీసినవి దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి. గేటు రెండో కమ్మీ దాకా, బుల్లెట్ బండి సీటు దాకా, కిటికీ అడుగు దాకా అని వీడియోలో కనపడితే, ఆ గేటు ఇంకా అక్కడే ఉంటే టేపు పెట్టి కొలవొచ్చు. వీడియో ఏ రోజు ఏ టైముకి తీసిందో రాసుకోండి. నీళ్ళు గంట గంటకీ పెరిగాయి, రోజుల తరబడి నిలిచాయి, మెల్లిగా తగ్గాయి. మనకి కావలసింది అన్నిటికన్నా ఎత్తైన మట్టం.

మూడోది మనుషుల ఒళ్ళు. ఇది నేను ఎక్కడా చదవలేదు, ఒక మామ్మగారి దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ్ని ఎంతదాకా వచ్చాయి మామ్మా అని అడిగితే అంకె చెప్పలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, గట్టు పక్కన నిలబడి, కుడి చెయ్యి చాచి గోడ మీద అరచెయ్యి పెట్టారు. "ఇక్కడ. ఈ మేకు తడిసింది, పైన జల్లెడ తడవలా." పై మేకుకి జల్లెడ ఇంకా వేలాడుతోంది. నేను టేపు పెడితే గచ్చు నుంచి నాలుగడుగుల రెండంగుళాలు. తర్వాత ఎదురింటి మీటరు పెట్టెలో దొరికిన మరకతో లెవెల్ పైపు (దాని సంగతి కింద చెబుతాను) పట్టి సరిచూస్తే ఒక వేలు వెడల్పు తేడా కూడా లేదు. అందుకని అడిగేటప్పుడు "ఎన్ని అడుగులు" అనకండి, "చెయ్యి పెట్టి చూపించండి" అనండి.

ఒప్పుకోలు, దాని వెనక భయం

గోడ ఓనరు ఎవరో కనుక్కోండి. అద్దెకున్నవాళ్ళు ఉత్సాహంగా సరే అంటారు, ఓనరు గుంటూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు, తర్వాత వచ్చి వాళ్ళ మీద పడతాడు. ఫోనులో మాట్లాడి, గీత ఎంత వెడల్పో, ఏ రంగో, వద్దనుకుంటే తామే వెల్ల వేసేసుకోవచ్చని వాట్సాప్‌లో రాసి, సరే అని జవాబు తీసుకోండి. స్కూలు గోడ అయితే హెడ్మాస్టరుని, మునిసిపల్ గోడ, కల్వర్టు, కమ్యూనిటీ హాలు అయితే వార్డు సచివాలయంలో అడిగి నగరపాలక సంస్థకి అర్జీ పెట్టండి. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెల జోలికి మాత్రం వెళ్ళొద్దు.

కొందరు వద్దంటారు. వాళ్ళని మూర్ఖులనుకోవద్దు. "ఆడపిల్ల పెళ్ళికి ఈ ఇల్లు అమ్మాలి, గోడ మీద ఇంతెత్తు గీత ఉంటే కొనేవాడు వస్తాడా" అని ఒకాయన నన్ను సూటిగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ ఇంటి దగ్గర గీత ఆపేశాం, అవతలి గోడ మీద మళ్ళీ అదే ఎత్తున అందుకున్నాం. వీధిలో అలాంటి ఖాళీలు నాలుగున్నాయి. గీత అక్కడ ఎందుకు తెగిందని చూసినవాళ్ళు అడుగుతారు, ఆ మాట కూడా బయటికి రావాల్సిందే. ఇంటివాళ్ళ పేరు చెప్పకుండా, "ఇంటి రేటు పడిపోతుందని కొందరి భయం" అని చెబితే సరిపోతుంది. గోడ మీద వద్దన్నా గేటు ముందు ఒక్కరోజు ముగ్గుతో గీస్తామంటే ఒప్పుకునే వాళ్ళూ ఉంటారు. నేల మీద ముగ్గు ఎత్తు చెప్పదు, పరవాలేదు, పక్కన ఎన్ని అడుగులో రాసుకుంటారు.

పైపు పని

ఇక్కడ తొందరపడితే మొత్తం చెడుతుంది. ప్రతి ఇంట్లో విడిగా టేపుతో నేల నుంచి కొలిచి గీయకండి. నేల ఎత్తు ఇంటింటికీ మారుతుంది, ఒకరు అరుగు లేపి కట్టుకున్నారు, ఒకరిది రోడ్డు కన్నా పల్లం. నిలిచిన నీటి పైమట్టం మాత్రం ఒక వీధి పొడవునా దాదాపు ఒకటే. కాబట్టి నమ్మకమైన ఒక్క గుర్తు పట్టుకుని, దాన్నే గోడ నుంచి గోడకి మోసుకెళ్ళాలి. మేస్త్రీలు పునాది లెవెల్ చూసే ట్రాన్స్‌పరెంట్ పైపు ఉంటుంది చూడండి, అదే. హార్డ్‌వేర్ షాపులో లెవెల్ పైపు అంటే ఇస్తారు, పది పదిహేను మీటర్లు తీసుకోండి. వీధిలో తాపీ మేస్త్రీ ఒకరు ఉండే ఉంటారు, ఆయన్ని పిలవండి, ఆ రోజు ఆ పనికి ఆయనే గురువు.

నీళ్ళలో చిటికెడు నీలిమందు (బట్టలకి పెట్టే నీలం పొడి) కలిపి పైపు నింపండి, బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. రెండు కొసలూ ఒకచోట పక్కపక్కన పట్టి చూస్తే నీళ్ళు ఒకే ఎత్తున ఉండాలి. లేకపోతే ఎక్కడో గాలి ఉన్నట్టే, పైపు ఎత్తి తట్టి తీసేయండి. తర్వాత ఒకరు మొదటి గుర్తు దగ్గర, ఒకరు పక్కింటి గోడ దగ్గర. నడిచేటప్పుడు కొసలు బొటనవేలితో మూసుకోండి, చేరాక ఇద్దరూ వేలు తీయాలి. నీళ్ళు పైకీ కిందికీ ఊగుతాయి, ఊగడం ఆగేదాకా ఆగండి. మొదటి వైపు నీళ్ళు సరిగ్గా గుర్తుకి ఆనేలా పైపు సర్దితే, రెండో వైపు నీళ్ళు ఎక్కడ నిలిచాయో అదే మీ గీత. పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుని ముందుకి పోండి.

మా పైపు మడతలో ఎక్కడో బుడగ ఉండిపోయింది. అయిదో ఇంటికి వచ్చేసరికి గీత నాలుగు వేళ్ళు పైకి పోయింది. ఆ ఇంటాయన చూసి "మా ఇంట్లో ఇంత రాలేదండీ, మా ఫ్రిజ్ మీద పెట్టిన సర్టిఫికెట్లు తడవలేదు" అన్నారు. ఫ్రిజ్ ఎత్తు కొలిస్తే ఆయనదే నిజం. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి పట్టాం, పూటంతా పోయింది. కాబట్టి ప్రతి మూడు నాలుగు ఇళ్ళకి ఒకసారి ఆ ఇంటి సొంత గుర్తుతో సరిచూసుకోండి. ఒక వీధి దాటి రెండో వీధికి, మూడో వీధికి ఇదే మట్టం మోసుకుపోకండి. నీళ్ళు పారిన చోట మట్టం వాలుగా ఉంటుంది, కొత్త వీధికి కొత్త గుర్తు వెతుక్కోవాలి.

పైపు పట్టిన ఆ పూటే వీధి మొత్తం బయటికి వస్తుందని చెప్పగలను. ఒకే మట్టం, ఒక గోడ మీద మోకాలి దగ్గర, నాలుగిళ్ళ అవతల ఛాతీ దగ్గర. వీధి ఇంత వాలుగా ఉందని అక్కడే ఇరవై ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు కూడా అప్పుడే చూశారు. "అందుకే మీ ఇంట్లోకి ముందొచ్చాయి" అని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

రంగు

నీళ్ళ గురించి బొమ్మ గీస్తూ ఆయిల్ పెయింటు వాడి, టర్పెంటైన్‌లో కుంచెలు కడిగి కాలువలో పోస్తే ఏం లాభం. ఆ కాలువ కలిసేది బుడమేరులోనే. సున్నం, నీలిమందు, జాజు (ఎర్రమట్టి రంగు) చాలు. మూడూ మన అమ్మమ్మలు వాడినవే, నీలిమందూ జాజూ రెండూ సున్నంలో నిలిచే రంగులు. 2024కి నీలం, 2005కి జాజు. వంద అడుగుల గోడకి మూడంగుళాల వెడల్పు గీత అంటే పాతిక చదరపు అడుగులే కాబట్టి ఇరవై ఇళ్ళకి కూడా సామాను పెద్దగా పట్టదు.

సున్నపు గుల్లలు తెస్తే ఒక రోజు ముందే నానబెట్టాలి. నీళ్ళలో గుల్లలు కొద్దికొద్దిగా వేయాలి, గుల్లల మీద నీళ్ళు పోయకూడదు, కుతకుత ఉడికి చిందుతుంది. ఇనప బక్కెట్ వాడండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కళ్ళజోడు, చేతి తొడుగులు తప్పనిసరి, కంట్లో పడితే ఎక్కువ నీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్ళాలి. మర్నాడు పాత పంచెలో వడగట్టి, కాస్త ఫెవికాల్, నీలిమందు కలపండి. తడి మీద ముదురుగా కనపడుతుంది, ఆరాక వెలుస్తుంది, అందుకని చిన్న ముక్క మీద వేసి ఆరనిచ్చి చూసుకోండి. ఎమల్షన్ వేసిన గోడల మీద సున్నం పట్టదు, పొరలుగా రాలిపోతుంది. అక్కడ నీళ్ళలో కలిసే ఎక్స్టీరియర్ ఎమల్షన్ చిన్న డబ్బా వాడి, కుంచెలు బక్కెట్లో కడిగి, మడ్డి పేరుకున్నాక తీసి చెత్తలో వేయండి.

గీసే రోజు

ధనుర్మాసం ఎంచుకోండి. వానలుండవు, ఎండ ఉండదు, పొద్దున్నే ప్రతి గుమ్మం ముందు ఎలాగూ ముగ్గేస్తూ ఎవరో ఒకరు ఉంటారు. చేతిలో పిండి ఉన్నవాళ్ళకి గీత గీయడం ఎవరూ నేర్పక్కర్లేదు. మే నెలలో పెట్టుకుంటే తొమ్మిదయ్యేసరికి వీధిలో మనిషి ఉండడు.

పెన్సిల్ గుర్తుల మధ్య రంగులో ముంచిన దారం బిగించి పట్టి, మధ్యలో లాగి వదిలితే సన్నటి గీత పడుతుంది. ఆ గీతే నీటి మట్టం, రంగు పట్టీ దాని కిందికి మూడంగుళాలు. పై అంచే కొలత అని అందరికీ చెప్పండి. ఇక ఆ పట్టీ నింపాల్సింది ఆ ఇంటివాళ్ళు, మీరు కాదు. వంకర పోతుంది, కారుతుంది, పోనివ్వండి. చెయ్యి వణికే మామ్మగారి కుంచె పట్టుకుని సాయం చేయబోయాను, "నేనేస్తాలే" అని పక్కకి నెట్టారు. ఆవిడ గోడ మీద గీత అలల్లా ఉంటుంది, వీధిలో అందరూ ముందు చూసేది దాన్నే.

గీత కింద ఒక్క వాక్యం రాసుకోమనండి, వాళ్ళ మాటల్లో, వాళ్ళ చేతిరాతలో. సలహా అడిగితే తప్ప దిద్దకండి. "పాలు మేడ మీద నుంచి తాడుతో పంపారు." "మా కుక్క రాలేదు." ఇలాంటివి వస్తాయి. ఫోటో, వీడియో తీసేముందు ప్రతిసారీ అడగండి, పిల్లలవైతే అమ్మానాన్నని అడగండి.

ఇంకొకరిని మర్చిపోవద్దు. బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులు. మీర్లే లాడర్‌మన్ యూకిలీస్ అనే కళాకారిణి 1979, 80ల్లో న్యూయార్క్‌లో 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులకి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, ఈ నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు అని చెప్పింది, అదే ఆమె కళాకృతి. మన వీధి ఊడ్చే అక్కని పిలిచి వీధి మొదట్లో మొదటి అడుగు పొడవు ఆవిడ చేత వేయించండి. ఆవిడ డ్యూటీ టైము ముందే కనుక్కోండి, మనకోసం ఆవిడ మస్టర్ (హాజరు) పోకూడదు.

గీశాక

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఇంటి వరస, గచ్చు నుంచి ఎత్తు, రోడ్డు నుంచి ఎత్తు, ఆధారం ఏమిటి, మరకా, వీడియోనా, చెయ్యి పెట్టి చూపించారా. దాని జిరాక్స్ ఒకటి వార్డు సచివాలయంలో ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. డ్రైన్ పనుల గురించి మీటింగ్ పెట్టినప్పుడు ఆ నోట్‌బుక్ పట్టుకుని నలుగురు వెళ్ళాలి. గోడ మీద గీత చూపించి మాట్లాడితే ఆ మాట వేరుగా ఉంటుంది, "ఇక్కడిదాకా వచ్చాయి, మీరు వేసే మూత దీనికి ఎంత కింద ఉంది" అని అడగొచ్చు.

సున్నం వానకి వెలుస్తుంది, రెండు వానాకాలాలు గడిస్తే సగం పోతుంది. మళ్ళీ ధనుర్మాసంలో మళ్ళీ వేయాలి, ఈసారి పైపు అక్కర్లేదు, పాత గీత ఉంటుంది. మిగిలిన సున్నం పారబోయకండి, పైన నాలుగు వేళ్ళ నీళ్ళు నిలిచేలా పోసి మూత గట్టిగా పెడితే ఏడాదైనా గట్టిపడదు. మాది కిరాణా కొట్టు పిన్నిగారి మెట్ల కింద ఉంది. మూత మీద బొగ్గుతో ఆవిడే రాసి పెట్టారు, పైపు మేస్త్రీ ఇంట్లో, పుస్తకం మామ్మగారి ట్రంకు పెట్టెలో అని.